రాయలవారి పటము: అసలును, నకలును

మా సంఘభవనమున వేదికకు కుడిప్రక్క గోడపై శ్రీకృష్ణదేవరాయల తైలవర్ణచిత్రమొకటి 1971వ సంవత్సరమునుండి వ్రేలాడుచున్నది. నిలువు 6 అడుగులు, అడ్డము 4 అడుగులు. రాయలవారు తెల్లగుఱ్ఱము నెక్కి, దూసిన కత్తిని పైకెత్తి, మనవైపు చూచుచుందురు. వెనుక కోటగోడ, దానిమీద పొగ. ఈ పటము క్రింద పెండ్లిచూపులు జరిగినవి, హరికథలు జరిగినవి, పిల్లలకు తెలుగు వ్రాతపరీక్షలు జరిగినవి. సంఘమువారు రెండుగా చీలి మరల కలిసినదియు దీని క్రిందనే. బెంగుళూరిలోని మా కుటుంబములవారు మూడుతరములుగా రాయలనగా ఈ ముఖమునే యెఱుగుదురు.

పటమునకు వయస్సు వచ్చినది. గుఱ్ఱపు డెక్కలవద్ద రంగు పెచ్చులుగా ఊడుచున్నది. అందుచే కార్యవర్గమువారు దానికి ఛాయాచిత్రము తీయించి, చేతితో తైలవర్ణపు నకళ్లు వ్రాసియిచ్చు ఒక అంగడికి పంపిరి. ఎనిమిది వారములలో నకలు వచ్చినది. ఉగాదినాడు దానిని ఆవిష్కరించిరి. పాతదానిని దింపి సామానులగదిలో నుంచవలెనని ఆలోచన. క్రొత్తపటమును గూర్చి ఈ సంచికలో నాలుగు మంచిమాటలు వ్రాయుడని మమ్ము కోరిరి. మంచిమాటలు వ్రాయుటకే కూర్చుంటిమి. కాని పటములు రెంటిని ప్రక్కప్రక్కన నిలిపించి ఒక సాయంకాలమంతయు చూచిన పిమ్మట, కలము వేఱుదారి పట్టినది. పెద్దలు మన్నింతురుగాక.

మేము చిత్రకారులము కాము. పదవతరగతితో చదువు నిలిచినవారము. ఐనను నకళ్లను గూర్చి మాటాడుటకు మాకు కొంత అధికారము కలదని యనుకొందుము. 36 సంవత్సరములు గుమాస్తాపని చేసితిమి. అందు మొదటి యేండ్లు నకళ్ల విభాగముననే గడచినవి. జిరాక్సు యంత్రము మా కచేరికి ఇంకను రాని దినములవి. ఒకడు అసలును బిగ్గరగా చదువును, రెండవవాడు నకలుపై వ్రేలుంచి సరిచూచును, తుదకు ఇరువురును సంతకము చేయుదురు. అప్పుడుగాని అది నిజప్రతి కాదు. మాకు మొదట నేర్పిన నియమమొకటి: నకలును నకలుతో సరిచూడరాదు. ఒకప్పుడు ఒక దస్తావేజులో సర్వేనంబరు తప్పుపడెను. దానినుండి తీసిన నకలున ఆ తప్పే, దాని నకలున ఆ తప్పే. మూడవ నకలునాటికి ఆ తప్పు ఎంత చక్కని దస్తూరిలో, ఎన్ని ముద్రలతో నుండెననగా, అసలును తెచ్చి చూపినను నమ్మువారు లేకపోయిరి. అక్షరముల విషయమున నున్న యీ కష్టము ముఖముల విషయమునను ఉన్నదని ఈ పటములు మాకు తెలిపినవి.

మా మనుమడు పాతపటమును మొదటిసారి చూచినప్పుడు, "తాతయ్యా, ఈయన ఎన్టీ రామారావు కదా?" అని యడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. కాని బాలుడు చెప్పినది నిజము. 1956లో వచ్చిన ‘తెనాలి రామకృష్ణ’లోను, 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’లోను నందమూరి తారక రామారావుగారు రాయల వేషమును ధరించిరి. మా పటమును వ్రాసిన పెయింటరు చెన్నపట్టణమున సినిమా బ్యానర్లు వ్రాసి చేయి తిరిగినవాడు. ఇరువదియడుగుల యెత్తున ఆ ముఖమును ఎన్నిమార్లు వ్రాసెనో! రాయలను వ్రాయుమని గుడ్డను ముందుంచగా చేయి అలవాటైన దారినే పోయినది. అతనిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. వ్రాయించినవారును ఆ ముఖమునే కోరిరి.

ఇంతకంటె వింత మరియొకటి కలదు. మాకు కన్నడమిత్రుడొకడు కలడు, ఉద్యోగమున మాతో కూర్చున్నవాడే. వారి పేటలోని కన్నడసంఘ మందిరమునను రాయల పటమున్నది. అందలి ముఖము రాజకుమార్ గారిది. 1970లో బి. ఆర్. పంతులుగారు తీసిన ‘శ్రీ కృష్ణదేవరాయ’ చిత్రమున ఆయనయే రాయలు. ఒకదినము మేమిరువురమును రెండుపటములను వరుసగా చూచి, కాఫీహోటలులో కూర్చుండి, కన్నులు చెమర్చునట్లు నవ్వుకొంటిమి. రాయలు తెలుగువాడా కన్నడిగుడా యని రెండుపక్షములవారును ఎన్నియో వ్యాసములు వ్రాసిరి. ‘ఆముక్తమాల్యద’ను తెలుగున రచించినవానికి ‘కన్నడరాజ్య రమారమణ’ అను బిరుదుండెను, వంశము తుళువవంశము. ఈ వివాదమెట్లున్నను, గోడలమీద మాత్రము రెండుపక్షములవారును ఆయన ముఖమును తుడిచివేసి తమతమ నటులను కూర్చుండబెట్టుకొనిరి. నవ్వు ముగిసిన పిమ్మట మా మిత్రుడు, "మరి ఆయన ముఖమెక్కడ?" అని కన్నడమున అడిగెను. ఈ వ్యాసము ఆ ప్రశ్ననుండియే పుట్టినది.

దానికి ఉత్తరము చెప్పుటకు ముందు పాతపటమునకు న్యాయము చేయవలెను. ముఖము నటునిదైనను ఆ పటము చిత్రకారుని చేతిపని. దగ్గరకుపోయి చూడుడు: దవడక్రింది నీడయందు ఆకుపచ్చ, చెవివద్ద ఊదా, నుదుటిపై పసుపు. దూరమునుండి చూచువానికి ముఖము వెలుగుటకై బ్యానరు పెయింటర్లు చేయు పని యిది. కొన్నిచోట్ల కుంచెను విడిచి కత్తితో రంగును అలికినాడు. హాలు వెనుకవరుసలో కూర్చున్నవానికి ఆ కన్నులు తననే చూచుచున్నట్లుండును. గుఱ్ఱము విషయమున అతడు పొరపడినాడు. రాయల అశ్వశాలకు గుఱ్ఱములు సముద్రముమీద అరేబియా, పారశీక దేశములనుండి పోర్చుగీసువారి ద్వారమున వచ్చెడివి. అతడు వ్రాసినదో జట్కాగుఱ్ఱము. మెడ పొట్టి, కడుపు వ్రేలుచున్నది, కన్నులలో అలసట. కాని అది ప్రాణముగల గుఱ్ఱము. అతడు చెన్నపట్టణపు వీథులలో దానిని చూచెను, జాలిపడెను, వ్రాసెను. రాయల సింహాసనమునకు తగకపోయినను ఆ గుఱ్ఱమును మేము ప్రేమింతుము.

ఇక క్రొత్తది. అంగడివారు మోసము చేయలేదు, అది చేతిపనియే. ఈ రోజులలో ఛాయాచిత్రమును గుడ్డపై అచ్చువేసి, పైపైన పారదర్శకమైన జిగురును కుంచెతో పూసి, చేతిపనియని అమ్మువారు కలరు. పటమును వెనుకకు త్రిప్పి చూచినచో తెలియును. అచ్చుగుడ్డపై చుక్కచుక్కలుగా సిరా కనబడును, కుంచెగీతలకును బొమ్మగీతలకును పొందిక యుండదు. మన పటమున అట్టి లోపము లేదు. గుడ్డపై గళ్లు గీసి, గడికి గడి పెంచి, అవిసెనూనె రంగులతో ఓపికగా వ్రాసిరి. మొలనూలు ముత్యములలో ఒక్కటియు తగ్గలేదు. గుమాస్తాదృష్టితో చూచినచో పంక్తికి పంక్తి సరిపోయినది.

ఐనను ఆ ఆకుపచ్చనీడ లేదు, ఊదా లేదు. ఛాయాచిత్రమున అవి బురదవలె కనబడియుండును. కావున వ్రాసినవాడు వానిని దోషములనుకొని, ముఖమంతయు ఒకే గులాబీరంగున నునుపుచేసెను. గుఱ్ఱపు కన్నులలోని అలసటయు పోయినది. ఇప్పుడది బొమ్మలకొలువులో పెట్టుటకు తగిన గుఱ్ఱము. పాతపటమున అసత్యమైనది ముఖము; సత్యమైనది చేతి పోకడ. నకలు వ్రాసినవాడు అసత్యమును జాగ్రత్తగా నిలిపి, సత్యమును తుడిచివేసెను. అతనికి కృష్ణదేవరాయలెవరో తెలియదు, ఆ నటుడెవరో తెలియదు. ఏ యూరిలోనో కూర్చుండి పంపిన ఛాయాచిత్రమును చూచి వ్రాసెను. అతని శ్రమకు మా నమస్కారము. తప్పు అతనిది కాదు, అసలు ఏదని అడుగక పంపిన మనది.

అసలు కలదు. తిరుమల దేవాలయమున మహాద్వారము దాటి లోనికి పోగానే కుడివైపు ప్రతిమామండపమున రాయలవారి లోహప్రతిమయు, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవుల ప్రతిమలును ఉన్నవి. భుజములపై పేర్లు చెక్కబడియున్నవి. కావున ఎవరివోయను సందేహమునకు తావు లేదు. రాయలు (1509–1529) జీవించియుండగనే, ఆయన పలుమార్లు స్వయముగా వచ్చి దర్శించిన సన్నిధిలో వెలసిన రూపమది. మన చరిత్రలో ఎంతమంది రాజులకు ఇట్టి భాగ్యమున్నది? మనలో తిరుమలకు పోనివాడు లేడు. ఏటేటను ఆ ప్రతిమ ప్రక్కనే త్రోపులాటలో నడచిపోవుచున్నాము. ఇంటికి వచ్చి గోడపై మరియొక ముఖమునకు దండవేయుచున్నాము.

ఆ ప్రతిమయందలి రాయలు గుఱ్ఱముపై లేడు. చేతులలో కత్తి లేదు. రెండుచేతులును జోడించి నిలిచియున్నాడు. తలపై పొడవైన కుళ్లాయి. మెలిదిరిగిన మీసము లేదు, కనుబొమలు ముడిపడలేదు. ముఖమున ఒకవిధమైన నిండుతనము, ఎవరో వచ్చుచున్నారని ఎదురుచూచుచున్నట్లు నిశ్చలత.

దానికి తోడు కన్నులార చూచి వ్రాసినవాని సాక్ష్యమున్నది. డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చి, రాయలను చూచి, తన భాషలో వ్రాసిపెట్టెను. రాబర్ట్ సీవెల్ దొర 1900లో ప్రకటించిన గ్రంథమున దాని ఆంగ్లానువాదము చేరినది. పేస్ చెప్పినదానినిబట్టి రాయలు మధ్యమమైన యెత్తువాడు, మంచి మేనిచాయవాడు, సన్నమనుటకంటె కొంచెము లావు. సంతోషస్వభావుడు, ఐనను ఉన్నట్టుండి కోపము వచ్చును. తెల్లని పట్టుబట్టలపై బంగారుగులాబీల పనితనము, మెడలో వజ్రముల పట్టెడ. ముఖమున స్ఫోటకపు మచ్చలు.

ఈ చివరిమాటవద్ద మేము చాలసేపు ఆగిపోతిమి. అమ్మవారు పోసిన మచ్చలు! మా అమ్మమ్మ ముఖమున ఆ మచ్చలుండెడివి. మీ యిండ్లలోను ఉండియుండును. 1977లో మన దేశమునుండి ఆ వ్యాధి తొలగినట్లు ధ్రువపడువరకు ఏ పేటలో చూచినను అట్టి ముఖములే. ఏ పెయింటరును రాయలకు ఆ మచ్చలు వ్రాయలేదు, వ్రాయించుటకు ఏ సంఘమునకును ధైర్యము చాలలేదు. రాజుగారి ముఖము గులాబీరేకువలె నుండవలెనని మనమనుకొంటిమి. మా అమ్మమ్మ ముఖముతో పోలికగల రాజును చూపినచో పిల్లలు మఱింత దగ్గరకు వచ్చెడివారు కారా?

ఇట్లు మేము కార్యవర్గసమావేశమున చెప్పగా, మాకు గౌరవనీయులైన ఒక పెద్దలు ఆక్షేపించిరి. "ఏమండీ, రాయలంటే యుద్ధవీరుడు. చేతులు జోడించుకొని నిలుచున్న బొమ్మ పెడితే పిల్లలకు పౌరుషం ఎక్కడినుంచి వస్తుంది? అది గుళ్లో బాగుంటుంది, హాల్లో కాదు" అనిరి. ఇది కొట్టివేయదగిన మాట కాదు. సైన్యాధిపతుల చిత్రములకు ప్రపంచమంతట ఒక మర్యాద యున్నది: గుఱ్ఱము, కత్తి, వెనుక పొగ. ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్, నెపోలియను ఆల్ప్సు పర్వతములు దాటుటను వ్రాసిన పటమున గుఱ్ఱము ముందుకాళ్లెత్తి నిలుచును. నెపోలియను నిజముగా దాటినది కంచరగాడిదపై. ఆ పటమునకే 1801 మొదలు 1805 వఱకు డేవిడ్ చిత్రశాలనుండి అయిదు ప్రతులు వెలువడినవి, అంగీరంగును, గుఱ్ఱపురంగును ఒక్కొక్కదాన మారుచు. మన పాతపటమునందలి భంగిమకును ముత్తాత ఆ పటమే యని మా అనుమానము. అనగా ఆ పెద్దలు కోరు పౌరుషము రాయలది కాదు, పరదేశపు పటముల ద్వారమున సినిమాగోడలకెక్కి మనకు చేరినది.

రాయల పౌరుషము ఎట్టిదో తెలియవలెనన్నను పేస్ నే అడుగవలెను. తెల్లవారకమునుపే రాయలు నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించి, బరువులెత్తి, త్రాగిన నూనె చెమటయై వెలువడువఱకు కత్తిసాము చేసి, పిమ్మట ఒక మల్లునితో కుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి తెల్లవారువఱకు మైదానమున త్రిప్పెడివాడట. కిరీటము లేదు, కవచము లేదు. నూనె, చెమట, చీకటి. ఇట్టి పటమును ఎవరైన వ్రాసిరా?

మరియొకటి. 1520లో రాయచూరు యుద్ధమునుగూర్చి గుఱ్ఱములవర్తకుడైన నూనిజ్ వ్రాసినాడు. ఆదిల్ షాహీ ఫిరంగుల దెబ్బకు ముందువరుస చెదరి, సైన్యము వెనుకకు వచ్చుచున్న సమయమున రాయలు తన వ్రేలియుంగరమును తీసి ఒక పరిచారకుని చేతికిచ్చెను, తాను చనిపోయితినని రాణులకు గుర్తుగా చూపుటకు. ఆ పిమ్మట గుఱ్ఱమెక్కి ముందుకు నడచెను. యుద్ధము గెలిచినది ఆ పిమ్మటనే. ఆ ఉంగరము నిచ్చుచున్న చేతిని వ్రాయగల పెయింటరు దొరకినచో, పైకెత్తిన కత్తులను నూఱింటిని మేము విడువగలము. పటమునకు పౌరుషము కత్తినుండి రాదు. రాణుల మాట తలచుకొనిన క్షణమున ఆ ముఖమెట్లుండెనో ఊహింపగల చేతినుండి రావలెను. ఆ రాణులిరువురును తిరుమలలో ఆయన ప్రక్కనే నిలిచియున్నారు, చూడుడు.

వేషమునకును ఆధారములున్నవి, అవియు మనకు దగ్గరలోనే. లేపాక్షి వీరభద్రాలయము బెంగుళూరునకు ఇంచుమించు 120 కిలోమీటర్లు. రాయల తమ్ముడు అచ్యుతరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన గుడి. పైకప్పున ఆ సోదరులును వారి పరివారమును ఆనాటి వేషములతో చిత్రింపబడియున్నారు. పొడవైన కుళ్లాయిలు, పూలపనితనపు పంచెలు, ప్రక్కవాటు ముఖములందు ఎదుటికి చూచు పెద్దకన్నులు. గైరికపు ఎఱుపు, పసుపు, నలుపు, తెలుపు. నీలము దాదాపు కానరాదు. మన పటములు రెంటియందును ఆకాశము నీలముగా మెఱయుచున్నది. ఆనాటి కుంచె ఎఱుపునేలపై పని చేసెను. కుళ్లాయి అన్నప్పుడు మరియొక సంగతి: కర్ణాటరాజసభకు వచ్చి కుళ్లాయి పెట్టవలసివచ్చెనని శ్రీనాథుడు మొఱపెట్టుకొన్నట్లు ఒక చాటువున్నది. ఆఱువందల యేండ్ల క్రిందటనే తెలుగువాడొకడు ఈ దేశమునకు వచ్చి, ఇక్కడి తలపాగాను తలపై పెట్టుకొని, లోలోన గొణిగెను! మనకు ఆయన బంధువే. ఆ కుళ్లాయిని మన గోడమీది రాయలకే లేకుండ చేసితిమి.

గుఱ్ఱము కావలెనన్నచో హంపి హజారరామాలయపు ప్రాకారమున గుఱ్ఱములు వరుసలుగా నడచుచున్నవి. జీను, కళ్లెము ఎట్లుండెనో రాతిలో చూచుకొనవచ్చును.

నకలు వ్రాయుట తక్కువపని యని మా అభిప్రాయము కాదు. కొన్నిచోట్ల నకలే మిగులును. శ్రీరంగపట్టణపు దరియాదౌలతు గోడపై 1780 నాటి పొళ్లిలూరు యుద్ధమున్నది: ఆంగ్లసైన్యము చతురముగా నిలిచియుండుట, మందుగుండు బండి ప్రేలుట, కర్నలు బెయిలీ పల్లకిలో నుండుట. చూచువారందఱు టిప్పుకాలపు చిత్రమనుకొందురు. ఆ గోడకు మధ్యలో సున్నము పడినది. వెల్లెస్లీ కాలమున ఒకమారు బాగుచేయించిరి. డల్హౌసీ గవర్నరు జనరలుగా నున్నప్పుడు, పాతచిత్రమును ఎఱిగిన దేశీయ చిత్రకారునిచే మరల వ్రాయించిరి. మనము చూచునది జ్ఞాపకమునుండి తీసిన నకలు. అజంతా కథ ఇంకను విషాదము. రాబర్ట్ గిల్ సంవత్సరములతరబడి గుహలలో కూర్చుండి వ్రాసిన నకళ్లలో అధికభాగము 1866లో లండనులోని క్రిస్టలు ప్యాలెసు అగ్నిప్రమాదమున కాలిపోయెను. తరువాత గ్రిఫిత్సు బొంబాయి విద్యార్థులతో వ్రాయించినవానిలోను పెక్కులు 1885లో లండనుననే మంటలపాలైనవి. మూడవమారు హెరింగ్‌హాం దొరసాని పూనుకొన్నప్పుడు నందలాల్ బోసుతోపాటు హైదరాబాదునుండి సయ్యద్ అహమ్మద్, ఫజలుద్దీనులును పోయి కుంచె పట్టిరి. వీరందఱును గోడయెదుట నిలిచి, గోడను చూచి వ్రాసినవారు. నకలునకు గౌరవము అక్కడనుండి వచ్చును.

తప్పును దిద్దుకొన్న జాతియు కలదు. మహారాష్ట్రమునందలి మన బంధువులకు ఈ సంగతి తెలిసియే యుండును. ఒకకాలమున శివాజీమహారాజుదని చెల్లిన చిత్రము ఆయనది కాదని తేల్చి, డచ్చివారి గ్రంథములద్వారా నిలిచిన రూపమును వెలికితీసి వి. ఎస్. బేంద్రేగారు 1933లో ప్రకటించిరి. నేడు అక్కడి గోడలమీదనున్న ముఖమునకు వెనుక ఒక ఆధారమున్నది. శివాజీ పౌరుషము దానివలన తగ్గినట్లు మేము వినలేదు.

మన హాలులోనే ఎడమగోడపై తాండ్ర పాపారాయుని పటమున్నది. అందలి ముఖము 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’లోని ఎస్. వి. రంగారావుగారిది. దానిని మేము ఆక్షేపింపము. 1757లో బొబ్బిలికోట కూలిన పిమ్మట విజయరామరాజు డేరాలో జొరబడి ప్రతీకారము తీర్చుకొన్న ఆ వీరునికి, సరిచూచుటకు తగిన సమకాలికరూపము మన యెదుట లేదు. అసలు లేనిచోట ఊహకు స్వాతంత్ర్యమున్నది. రంగారావుగారి కన్నులు పాపారాయునికి చక్కగా అమరినవనియు ఒప్పుకొందుము. అసలు ఉండియు చూడకపోవుట వేఱు.

కార్యవర్గమువారికి మా మనవి ఇది. పాతపటమును దింపవలదు. పెచ్చులూడినచోట్ల అతికించి, దుమ్ము దులిపి, అక్కడనే యుంచవలెను. 1971లో మన పెద్దలు రాయలను ఎట్లు తలచుకొనిరో దానికది దస్తావేజు. క్రొత్తనకలును పిల్లల తరగతిగదికి పంపవచ్చును. తిరుమలప్రతిమను చూచి, పేస్ మాటలను విని, లేపాక్షి రంగులతో ఇంకొక పటమును వ్రాయింపవలెను. దాని క్రింద పేరు తెలుగునను కన్నడమునను వ్రాయింపవలెను. మా మిత్రుడు వారి సంఘమునను ఇట్టిదే యొకటి కావలెననుచున్నాడు. రెండు పటములకును ఒకే పెయింటరైనచో గుడ్డఖర్చు కలిసివచ్చును.

పెయింటరు దొరకినాడు. పాతపటమును వ్రాయునప్పుడు ఆ బ్యానరు మేస్త్రీకి రంగులు కలిపియిచ్చిన కుఱ్ఱవాడు నేడు అఱువదియెనిమిదేండ్ల పెద్దమనిషి. వినైలు ఫ్లెక్సులు వచ్చి చేతిబ్యానర్లు పోయిన తరువాత బండ్లకు నంబరుపలకలు వ్రాసి బ్రదికినవాడు. విషయము చెప్పగా, పుస్తకములలోని ఛాయాచిత్రములను చూచి, "ఫొటోలో వీపు తెలీదండీ, నేనే చూడాలి" అనెను. గడచిన నెల మేమిరువురమును తిరుమలకు పోతిమి. లోపలికి సెల్‌ఫోను గాని కెమెరా గాని కొనిపోరాదు గదా. మండపమువద్ద నిలువబోగా వెనుకనుండి జనము, ముందునుండి "జరగండి, జరగండి" అను కేకలు. పదిలెక్కించునంతసేపు చూచియుందుము. పెయింటరు మాత్రము కన్నార్పలేదు.

బయటికి వచ్చి, తిరుపతి బస్సుస్టాండున బల్లపై కూర్చుండి, టీచీటి వెనుక పెన్సిలుతో గీసెను. ముఖము గీయలేదు. చేతులు మాత్రము గీసెను. జోడించిన చేతుల మోచేతులు నడుమునకు తగులుచున్నట్లు మాకు జ్ఞాపకము; కొంచెము ఎడముగా నున్నవని ఆతని జ్ఞాపకము. బస్సు బయలుదేరువఱకు వాదించుకొంటిమి. వచ్చేనెల రెండవ శనివారమునకు మరల టిక్కెట్లు తీసికొంటిమి.